నేను చెప్పిన సాక్ష్యం

మా అన్నయ్య విశ్వాసం చాలక పోయాడని మా చుట్టాల్లో కొందరు ఇప్పటికీ అనుకుంటున్నారు. మొహం మీద ఎవరూ అనరు. "తమ్ముడికి దొరికిన కృప అన్నకి దొరకలేదు" అంటారు, అంతే. ఆ తమ్ముణ్ణి నేనే. ఆ మాట తప్పని చెప్పడానికి ఇది రాస్తున్నాను. నోటితో ఒకసారి చెప్పాను. నోటితో చెప్పింది మనిషి మనిషికీ మారిపోతుంది. ఎంతగా మారుతుందో నాకు బాగా తెలుసు కాబట్టి కాగితం మీద పెడుతున్నాను.

నాకు యాభై మూడేళ్లు. విజయవాడలో ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తాగా చేరి, ఇప్పుడు సూపరింటెండెంటుగా ఉన్నాను. పటమటలో అద్దె ఇల్లు. అమ్మా, నా భార్యా, నేనూ ఉంటాం. అన్నయ్య నాకంటే అయిదేళ్లు పెద్ద. పామర్రుకి నాలుగు కిలోమీటర్ల దూరంలో మా ఊరు. అన్నయ్యా వదినా అక్కడే వ్యవసాయం చేసుకునేవాళ్లు. ఎకరంన్నర సొంతం, మూడెకరాలు కౌలు. వరి కోసేశాక మినుము. వాళ్లకి ఒక్కతే కూతురు, పెళ్లై ఏలూరులో ఉంటోంది.

మేం మూడు తరాలుగా క్రైస్తవులం. మా ఇళ్లల్లో ఏ మంచి జరిగినా ఆదివారం చర్చిలో లేచి నిలబడి నలుగురికీ చెప్పాలి. దాన్ని సాక్ష్యం అంటాం. పరీక్ష పాసైనా, పురుడు తేలిగ్గా జరిగినా, తప్పిపోయిన గేదె దొరికినా చెప్పాలి. చెప్పకపోతే దేవుడు చేసిన మేలు దాచుకున్నట్టు.

నాన్న పదహారేళ్ల కిందట హైదరాబాదులో బైపాస్ ఆపరేషన్ అయిన మర్నాడు పోయాడు. ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టింది అమ్మ. అన్నయ్యా నేనూ రక్తం ఇవ్వడానికి వెళ్లిన సమయంలో నర్సు వచ్చి అడిగితే పెట్టింది. ఆ తర్వాత ఎవరింట్లో గుండె మాట వచ్చినా అమ్మ ఒకటే అనేది. "నడిచి వెళ్లినాయన్ని నా చేత్తో సంతకం పెట్టి పంపించాను."

మూడేళ్ల కిందట నాకు మొదలైంది. ఆఫీసులో మా సెక్షన్ రెండో అంతస్తులో ఉంటుంది. మెట్లెక్కుతుంటే రొమ్ము మధ్యలో ఎవరో అరచెయ్యి ఆనించి నెడుతున్నట్టు ఉండేది. దవడ లాగేది. ఆగితే రెండు నిమిషాల్లో పోయేది. గ్యాస్ అనుకున్నాను. నిమ్మకాయ సోడాలు తాగాను. మెట్ల మలుపులో ఆగి ఫోన్ చూసుకుంటున్నట్టు నటించడం అలవాటు చేసుకున్నాను. ఓ రోజు మా అటెండరు, "సార్, రోజూ ఈ మెట్టు మీదే వస్తాయేంటండీ మీకు మెసేజులు" అన్నాడు. ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్లాను.

యాంజియోగ్రామ్ తీశారు. గుండెకి రక్తం తీసుకెళ్లే ఒక నాళం ఒకచోట దారమంత సన్నగా అయిపోయి కనిపించింది. డాక్టరు నాకంటే చిన్నవాడు, ఓపికగా చెప్పాడు. నాళం గోడలో కొవ్వు పేరుకుంటుంది, దాని మీద సున్నం పట్టి గట్టిపడుతుంది, ఇది నిన్నా మొన్నా వచ్చింది కాదు, ఇరవై ఏళ్ల నుంచి నడుస్తోంది అన్నాడు. "ఇరిగేషన్ వాళ్లు, మీకు నేను చెప్పాలాండీ" అని నవ్వాడు. నిజమే. ఏటా వేసవిలో కాలువలు కట్టేశాక పూడిక తీయడానికి అంచనాలు నా బల్ల మీదనుంచే వెళ్తాయి. పూడిక దానంతటదే పోదు. ఆ సంగతి ఆ గదిలో నాకంటే బాగా తెలిసినవాడు లేడు.

స్టెంట్ వేయాలన్నాడు. సన్నటి జాలీ గొట్టం, మణికట్టు దగ్గర సూదితో లోపలికి పంపి అక్కడ విప్పుతారట, కోత ఉండదట. ఆలోచించుకుని వస్తానన్నాను. లేవబోతుంటే అడిగాడు, "అన్నదమ్ములెవరైనా ఉన్నారా?"

"ఒక అన్నయ్య ఉన్నాడండీ."

"నాన్నగారికీ ఉంది, మీకూ ఉంది. ఆయన్ని కూడా ఒకసారి చూపించుకోమనండి." అదే మాట ఫైలు మీద రాసి కింద గీత గీశాడు.

ఇంటికి వచ్చి బ్లాక్ ఉందట అని మాత్రం అమ్మకి చెప్పాను. అమ్మ వంటగదిలోకి వెళ్లి పొయ్యి కట్టేసి వచ్చింది. "నిన్ను అక్కడికి పంపను" అంది. మర్నాటి నుంచి మూడు రోజుల ఉపవాస ప్రార్థన పెట్టించింది. మా చర్చివాళ్లు గంటకొకరు చొప్పున వంతులేసుకుని ప్రార్థన చేశారు. మూడో రోజుకి అన్నయ్య, వదిన బస్సెక్కి వచ్చి అందరితోపాటు చాప మీద కూర్చున్నారు. వదినకి సుగర్ ఉంది, ఉపవాసం వద్దని అన్నయ్య అంటే, "మరిది కోసం కాకపోతే ఇంకెవరి కోసం ఉంటానండీ" అంది.

తర్వాతి మంగళవారం నేను స్టెంట్ వేయించుకున్నాను. సంతకం నా భార్య పెట్టింది. అమ్మకి ధవళేశ్వరంలో ఆఫీసు పనుందని చెప్పాం. రెండు రాత్రులు ఉండి గురువారం ఇంటికొచ్చాను. మణికట్టు మీద చిన్న చుక్క. దోమ కుట్టిందన్నా నమ్మేటట్టుంది. రక్తం పలచబరిచే మాత్రలు, కొలెస్ట్రాల్ మాత్రలు విటమిన్ డబ్బాలో పోసుకున్నాను. ఇంతవరకూ చేసింది అమ్మ కోసమే. ఆ మాట అన్నందుకు నాకు సిగ్గు లేదు. సిగ్గుపడాల్సింది దీని తర్వాత ఉంది.

ఆరు వారాల తర్వాత ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి పరీక్ష చేశారు. బాగుందని రిపోర్టు ఇచ్చారు. అది టేబుల్ మీద పెట్టి స్నానానికి వెళ్లాను. వచ్చేసరికి అమ్మ చేతిలో ఉంది. ఇంగ్లీషు చదవడం రాదు కాబట్టి పాస్టరుగారింటికి పట్టుకెళ్లి చదివించుకుని వచ్చింది. నార్మల్ అని ఉందట. అమ్మ కూర్చుని ఏడ్చింది. నాన్న పోయినప్పుడు కూడా నా ఎదుట అలా ఏడవలేదు.

ఆదివారం తెల్లచీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. సాక్ష్యాల సమయం రాగానే వెనక్కి తిరిగి నా వైపు చూసింది. నేను లేచాను.

"మొదట యాంజియోగ్రామ్ తీసినప్పుడు బ్లాక్ ఉందన్నారు. మీరందరూ నా కోసం ఉపవాసం ఉన్నారు. మళ్లీ పరీక్ష చేస్తే అంతా నార్మల్ అని వచ్చింది." ఇంతే చెప్పాను. ఒక్కో వాక్యం నిజమే. మధ్యలో ఉండాల్సిన వాక్యం ఒకటి లేదు.

కూడిక అయ్యాక పాస్టరుగారు చెయ్యి పట్టుకుని, "డాక్టరుగారు ఏమన్నారు బ్రదర్?" అని అడిగారు. "ఆయనా బాగుందన్నారండీ" అన్నాను. మందులు మానకండి అన్నారు. మానలేదన్నాను. ఆయన నన్ను మోసం చేయమనలేదు. మా సంఘంలో ఎవరూ వైద్యం మానుకోమని ఎవరికీ చెప్పలేదు. ఆ సంగతి కూడా ఇక్కడ ఉండాలి.

రాత్రి భోజనాలయ్యాక నా భార్య అంది, "ఏవండీ, దేవుడే డాక్టరు చేత వేయించాడు అని చెప్పొచ్చుగా. అలా చెప్పినా అందరూ స్తోత్రమే అనేవాళ్లు."

అది నిజం. అలా చెప్పినా అమ్మ నాలుగు రోజులు ముభావంగా ఉండి, అయిదో రోజు మామూలైపోయేది. అబద్ధం అవసరం కూడా లేదు.

కానీ రెండో ఆదివారం ఒకాయన ఇంట్లో గృహ కూడికకి పిలిచారు. తర్వాత ఆడవాళ్ల కూటమికి. తర్వాత మా ఆఫీసు స్నేహితుడు, గుణదలలో వాళ్ల బావమరిది మంచంలో ఉన్నాడు, వచ్చి నాలుగు మాటలు చెప్పమన్నాడు. పిలిచినచోటికల్లా వెళ్లాను. చెప్పగా చెప్పగా బాగా చెప్పడం వచ్చింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో తెలిసింది. "దారమంత సన్నగా" అన్నచోట ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్లు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నేను చెప్పేది పది నిమిషాలపాటు ఎవరూ విన్నది లేదు. మా ఇంజినీరుకి నా పేరు సరిగ్గా పలకడం రాదు. అక్కడ నేను లేస్తే పిల్లల్ని కూడా ఊరుకోమనేవాళ్లు. అది నాకు నచ్చింది. దీనికి ఇంతకంటే పెద్ద కారణం వెతికాను. దొరకలేదు.

ఏడాదిన్నర అలా గడిచింది. అన్నయ్యని పరీక్ష చేయించుకోమని డాక్టరు గీత గీసి రాసిన కాగితం బీరువాలో ఉంది. చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. చెప్తే, "ప్రార్థనతో నీకు పోయిందన్నావుగా, మరి నాకు డాక్టరెందుకురా" అంటాడు. అందుకని వాయిదా వేశాను.

మా ఊరి చర్చిలో ఫిబ్రవరిలో ఒక శనివారం పగటి కూడికలు పెట్టుకున్నారు. అన్నయ్య అక్కడ సంఘపెద్ద. ఫోన్ చేసి, "మన ఊళ్లో చెప్పకుండా ఊరూరా చెప్తున్నావంటగా, పెద్ద ప్రసంగీకుడివైపోయావు" అని ఎగతాళి చేశాడు. వెళ్లాను. చెప్పాను. అన్నయ్య ముందు వరసలో కాళ్లు మడుచుకుని కూర్చుని, నేను మాట్లాడినంతసేపూ నా మొహం కాకుండా నా రొమ్ము వైపు చూశాడు.

తర్వాత షామియానా కింద భోజనాలు. అన్నయ్య పళ్లెం పట్టుకుని నన్ను పక్కకి రమ్మన్నాడు.

"ఏరా, నీకు దవడ కూడా లాగేదా?"

"లాగేది."

"నాకూ లాగుతోందిరా. నాలుగు నెలలైంది. ఎరువు బస్తా ఎత్తుకుని గట్టెక్కితే చాలు."

"ఎవరికైనా చూపించావా?"

"గుడివాడలో చూపించా. ఈసీజీలో తేడా ఉందన్నారు. విజయవాడెళ్లి యాంజియో చేయించుకోమన్నారు." ముక్కని పళ్లెం అంచుకి నెట్టాడు. "మీ వదినకి ఇంకా చెప్పలా. చెప్తే నాకంటే ముందు ఊరికి తెలుస్తుంది."

"సోమవారం వచ్చెయ్యి అన్నయ్యా. నేను దగ్గరుండి చేయిస్తా."

"నువ్వు చేయించుకున్నావా?"

"యాంజియో చేయించుకున్నాగా."

"అది కాదురా. ఆ తర్వాతది. కోత."

"లేదు" అన్నాను. అది కూడా నిజమే. కోత లేదు.

"మరి నన్నెందుకు తోస్తావు అక్కడికి? నాన్ననీ ఇలాగే తీసుకెళ్లాం. నువ్వు నడిచిన దారిలోనే నేనూ నడుస్తా. నీకంటే ఎక్కువ పాపాలేం చెయ్యలేదులే నేను." నవ్వాడు. నేనూ నవ్వాను. పెరుగు వడ్డించేవాళ్లు వస్తే ఇద్దరం పళ్లేలు చాపాం.

మరో రెండు వారాలకి, ఈస్టరుకి ముందు మేం శ్రమల దినాలు అనే నలభై రోజుల మొదట్లో, మా ఊళ్లో అన్నయ్య ఇంట్లో మూడు రోజుల ఉపవాసం పెట్టుకున్నారు. అమ్మ ముందే వెళ్లిపోయింది. నేను మూడో రోజు సెలవు పెట్టి వెళ్లాను. హాస్పిటల్ నుంచి పంపేటప్పుడు ఇచ్చిన కాగితాలు, స్టెంట్ వివరాలు ఉన్నవి, సంచిలో పెట్టుకునే వెళ్లాను. చెప్పేద్దామనే వెళ్లాను. దీన్ని ఎవరైనా నమ్మాలని నేను అడగను.

ఇల్లంతా చాపలు. ఇరవై మంది దాకా ఉన్నారు. అన్నయ్య మొహం తేటగా ఉంది. నన్ను చూసి లేచి వచ్చాడు.

"తగ్గిందిరా. మూడ్రోజుల్నుంచి ఒక్కసారీ రాలా."

ఎందుకు రాలేదో నాకు తెలుసు. మూడు రోజులు చాప మీద కూర్చున్న మనిషికి అది రాదు. బస్తా ఎత్తితే వస్తుంది. సెలవు రోజుల్లో నాకూ వచ్చేది కాదు.

"కూర్చుని ఉన్నావు కాబట్టి రాలేదు అన్నయ్యా."

"నీ మొహం. నీకేమన్నా పరిగెత్తుతుంటే తగ్గిందా?"

పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆ ఊరి పాస్టరుగారు వచ్చి, "బ్రదర్, పరీక్ష కూడా చేయించుకోండి. మీ తమ్ముడుగారు చేయించుకోబట్టే కదా నార్మల్ అని తెలిసింది" అన్నారు. అన్నయ్య, "మినుముకి పురుగు పడిందయ్యగారూ. మందు కొట్టడం అవ్వగానే వెళ్తా" అన్నాడు.

అమ్మ ఎదురుగా కూర్చుని పాట అందుకుంది. అమ్మ ఉంది కాబట్టి చెప్పలేదని చాలాకాలం అనుకున్నాను. అన్నయ్యని దొడ్లోకి పిలవడానికి నాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. సంచి నా ఒళ్లోనే ఉంది. సాయంత్రం బస్సుకి తిరిగి వచ్చేశాను.

ఆ తర్వాత పదకొండో రోజు అన్నయ్య మినుము చేలో చనిపోయాడు. వీపుకి తగిలించుకునే స్ప్రేయరుతో మందు కొడుతున్నాడు. నిండు ట్యాంకు బరువు ఎంత ఉంటుందో మోసినవాళ్లకి తెలుసు. పక్క చేను ఆయన చెప్పాడు, ట్యాంకు మూత బిగించి గట్టు మీద జాగ్రత్తగా నిలబెట్టి ఉందట, దాని పక్కన అన్నయ్య పడుకుని ఉన్నాడట. కునుకు తీస్తున్నాడు అనుకుని ఆయన ఇంకో రెండు సాళ్లు పని చేసుకున్నాడట.

ఫోన్ వచ్చినప్పుడు ఆఫీసులో ఉన్నాను. పెట్టేశాక ముందున్న ఫైలు మీద సంతకం పెట్టి, తేదీ వేసి, లేచాను. బస్సులో కంకిపాడు వచ్చింది, ఉయ్యూరు వచ్చింది. టిక్కెట్టు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. ఏడవలేదు. సమాధి దగ్గర మట్టి వేసినప్పుడు కూడా ఏడుపు రాలేదు. తమ్ముడికి ఎంత విశ్వాసమో చూడండి, నిబ్బరంగా ఉన్నాడు అన్నారెవరో.

అయిదో రోజు ఆదరణ కూడిక. మావాళ్లలో, మనిషి పోయిన ఇంటికి ఓదార్పుగా జరుపుతారు. వంటల దగ్గర మా దూరపు మేనత్త ఇంకొకావిడతో, "అదే ప్రార్థన, అదే ఉపవాసం. ఆ పిల్లాడికి పోయింది, ఈయనకి పోలేదు. మరి ఎక్కడో లోపం ఉండాలిగా" అంది. నేను నీళ్ల బిందె పక్కన ఉన్నాను. అరుగు మీద వదిన ఉంది. ఇద్దరం విన్నాం.

అందరూ వెళ్లాక వదిన నన్ను పిలిచింది.

"అబ్బాయ్, నీకొక్కడికే చెప్తున్నా. లోపం నాదే. మూడో రోజు మధ్యాహ్నం కళ్లు తిరిగినయ్యి. వంటింట్లోకెళ్లి రెండు ముద్దలు పెరుగన్నం తిన్నా. ఎవరికీ చెప్పలా. ఆయనకీ చెప్పలా. సాయంత్రం అందరితో కలిసి ఉపవాసం ముగించినట్టు కూర్చున్నా."

నేను తల ఊపాను. ఆ సమయంలో నేను చేసింది అదొక్కటే. ఏదో అన్నాననే గుర్తు తెచ్చుకోవాలని చూస్తాను. ఏమీ అనలేదు.

అప్పటి నుంచి వదిన శుక్రవారాలు ఉపవాసం ఉండటం మొదలుపెట్టింది. తర్వాత బుధవారం కూడా. సుగర్ మాత్ర మాత్రం వేసుకునేది. ఏలూరు నుంచి కూతురు ఫోన్ చేసి తిట్టేది. నేను వెళ్లినప్పుడల్లా చిక్కిపోయి కనిపించేది. ఎనిమిది నెలలు చూశాను. సాక్ష్యాలకి మాత్రం వెళ్లడం మానేశాను. పిలిస్తే ఒంట్లో బాగోలేదనేవాణ్ణి. దుఃఖంలో ఉన్నాడని వదిలేశారు.

నవంబరులో ఒక శుక్రవారం వదిన పొయ్యి దగ్గర పడిపోయింది. పక్కింటివాళ్లు చూసి గుడివాడ తీసుకెళ్లారు. నేను వెళ్లేసరికి గ్లూకోజు ఎక్కుతోంది. "మాత్ర వేసుకుని అన్నం తినకపోతే సుగర్ పడిపోతుందండీ. ఇంకో గంట ఎవరూ చూడకపోతే చెప్పలేం" అన్నారు అక్కడి డాక్టరు. వదిన కళ్లు తెరిచి, "ఆ రోజు పూర్తిచేయనిది ఇప్పుడు పూర్తిచేస్తున్నా. నన్ను ఆపొద్దు" అంది.

నా వల్ల ఒకరు పోయారు. రెండోవాళ్లు పోతున్నారు. అప్పటికి గాని నా కాళ్లు కదల్లేదు.

సోమవారం కాగితాలు పట్టుకుని వెళ్లాను. వదిన అరుగు మీద చేటలో మినుములు ఏరుతోంది.

"వదినా, నాకు స్టెంట్ వేశారు."

"అయ్యో, ఎప్పుడు? మొన్నా?"

"మొన్న కాదు. అప్పుడే. మీరంతా వచ్చి ఉపవాసం ఉన్నారే, ఆ తర్వాతి మంగళవారం."

చేట మీద వదిన వేళ్లు ఇంకా కదులుతున్నాయి. "అంటే సాక్ష్యం చెప్పడానికి ముందా, తర్వాతా?"

"ముందు."

"అది వెయ్యడానికి ఎంతసేపు పట్టింది?"

"నలభై నిమిషాలు."

"మత్తిస్తారా?"

"లేదు. వాళ్లతో మాట్లాడుతూనే ఉన్నా."

"నలభై నిమిషాలు" అంది. కాగితాలు తీసుకుని తిరగేసింది. వదిన పదో తరగతి చదివింది. డాక్టరు గీత గీసినచోట వేలు పెట్టి ఆగింది. అది ఇంగ్లీషులో ఉన్నా, బ్రదర్ అన్న మాట ఆవిడకి తెలుసు. "ఇదేంటి?"

చెప్పాను.

కాగితాలు మడిచి నాకిచ్చింది. తర్వాత, "నేను తిన్న రెండు ముద్దలకీ దీనికీ సంబంధం లేదన్నమాట" అంది.

"లేదు వదినా. నువ్వు మూడు పూటలా తిన్నా అంతే, నెలరోజులు పస్తున్నా అంతే. అన్నయ్య నన్ను నమ్మాడు. అంతకుమించి ఏ లోపమూ లేదు."

"ఈ అరుగు మీదే నీకు చెప్పా. నువ్వు తల ఊపావు."

"ఊపాను."

"ఎనిమిది నెలలు నా చేత పస్తులు చేయించావు."

చేట పక్కన పెట్టి లేచింది. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరగకుండానే అంది, "మైకులో చెప్పింది మైకులోనే చెప్పు. నా చెవిలో ఊది బస్సెక్కితే కుదరదు. ఆయన్ని అన్నవాళ్లందరూ వినాలి."

ముందు అమ్మకి చెప్పాను. మంచం మీద కూర్చుని వింది. "నా కోసమే దాచానంటావా?" అని అడిగింది.

"మొదట నీ కోసమే."

"తర్వాత?"

నేను కాగితాలు సంచిలో పెట్టాను. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. ఇప్పటికీ నాకు అన్నం పెడుతుంది. అన్నయ్య మాట మాత్రం నా ముందు ఎత్తదు.

ఆదివారం మా ఊరి చర్చిలో, సాక్ష్యాల సమయంలో లేచాను. వదిన ఆడవాళ్ల వైపు గోడకి ఆనుకుని కూర్చుంది. ఏ రోజు వేయించుకున్నానో, ఎక్కడికని చెప్పి వెళ్లానో, ఎక్కడెక్కడ ఏం చెప్పానో వరసగా చెప్పాను. అన్నయ్య ఆ రోజు పళ్లెం పట్టుకుని ఏమడిగాడో, నేనేమన్నానో చెప్పాను. ఎక్కడా ఆగలేదు, గొంతు తగ్గించలేదు. అయిపోయిందన్నాను. వెనకనుంచి ఒక ముసలావిడ అలవాటుగా "స్తోత్రం" అంది. పక్కావిడ మోచేత్తో పొడిచింది.

పాస్టరుగారు మైకు తీసుకున్నారు. "మెట్లెక్కుతుంటే, బరువెత్తుతుంటే రొమ్ములో పట్టినట్టు ఎవరికైనా ఉంటే కూడికయ్యాక నా దగ్గరికి రండి. ప్రార్థనా చేస్తాను, బస్సూ ఎక్కిస్తాను" అన్నారు. ఇద్దరు మగవాళ్లు ఆగారు. ఒకాయన నన్ను దాటి వెళ్తూ భుజం తట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మా మేనత్త నా వైపు చూడకుండా చెప్పులేసుకుంది. ఆవిడ ఇప్పుడు, "తమ్ముడు దొంగ సాక్ష్యం చెప్పాడట, అయినా పెద్దాయనకి వివేకం ఉండాలిగా" అంటోందని విన్నాను. అందుకే ఇది రాశాను. మా అన్నయ్యకి వివేకం ఉంది. డాక్టరుకి చూపించుకున్నాడు. తమ్ముణ్ణి సూటిగా అడిగాడు. తమ్ముడు లేదన్నాడు.

ఆ రోజు వదిన నాతో మాట్లాడలేదు. అన్నం తిని వెళ్లమనలేదు. నేను కూడా ఆగలేదు.

తర్వాతి శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి ఆఫీసు నుంచి ఫోన్ చేశాను. చాలాసేపు మోగింది.

"వదినా, అన్నం తిన్నావా?"

"తిన్నా" అని పెట్టేసింది.

ప్రతి శుక్రవారం అదే టైముకి చేస్తున్నాను. నేను ఒకటే అడుగుతాను, ఆవిడ ఒకటే చెప్తుంది. ఇంకో మాట ఇంతవరకూ మా మధ్య జరగలేదు.